కూర్మమ్మకు తాటి దూలాలు

ఆ ఇంట్లో కర్రముక్క అన్నది లేదు. తలుపులు రేకువి, కిటికీలు ఇనపవి, గుమ్మాలు సిమెంటువి, కూర్చోబోతే ప్లాస్టిక్ కుర్చీలు. అలాంటి కొంపలో ఒక వడ్రంగి కాపురం చేస్తున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. సోములుకి మాత్రం నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపం వచ్చినా ముందు ఆ ఇంటిని తిట్టి, తరవాత మనిషిని తిట్టేవాడు.

ఆ ఇల్లు కట్టేటప్పుడు అతను ఊళ్ళో లేడు. బడి మానేసి, భావనపాడు ఒడ్డున తండ్రి పక్కన బాడిస పట్టిన చేతులవి. ఆ చేతులు చెక్కిన తెప్పలు చాలా కాలం సముద్రం మీద తిరిగాయి. ఫైబర్ తెప్పలు దిగాక కర్ర తెప్ప చెక్కమనే నాథుడు లేకపోయాడు. పొట్ట చేతపట్టుకుని గుజరాత్ పోయి, వెరావల్‌లో మరబోట్ల మీద వలలు లాగాడు. అతనక్కడ ఉండగానే తిత్లీ తుపాను వచ్చి ఇక్కడి పెంకుటిల్లుని నేలమట్టం చేసింది. కూర్మమ్మ తమ్ముడు భాస్కర్ తాపీమేస్త్రి. అక్క నెత్తి మీద ఇంకోసారి కప్పు ఎగిరిపోకూడదని పట్టుబట్టి, సర్కారు ఇచ్చినదానికి తన రెక్కల కష్టం కలిపి స్లాబ్ ఇల్లు లేపేశాడు. మంచి ఇల్లే. తుపాను కాదు కదా, ఏనుగులు ఎక్కి తొక్కినా కదలదు. అందుకే దాన్ని తిట్టడానికి సోములుకి సరైన సాకు దొరికేది కాదు.

ఆ సాకు చివరికి కూర్మమ్మే ఇచ్చింది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో కిడ్నీల జబ్బు అంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఈ వీధిలో ఒకరు, ఆ వీధిలో ఇద్దరు. కూర్మమ్మ కాళ్ళు పొంగితే, ఎండలో చేపలగంప మోసిన అలుపనుకున్నారు. ముఖం కూడా పొంగాక టెక్కలి తీసుకెళ్ళారు. ఆ కబురు ఫోనులో వినగానే సోములు వెరావల్ వదిలి వచ్చేశాడు. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు ఆటో, ఆసుపత్రి, రక్తం కడిగే మిషను, మళ్ళీ ఆటో. మిగతా వేళంతా మంచం. పిల్లల్లేరు. ఉన్న ఇద్దరిలో ఒకరు వెల్లకిలా పడుకుని, ఒకరు గుమ్మంలో బీడీ కాల్చుకుంటూ రోజులు దొర్లిస్తున్నారు.

ఒకనాటి పొద్దున్న ఆమె పిలిచింది.

"మావా, ఒకపాలి పైకి సూడు."

సోములు లోపలికొచ్చి పైకి చూశాడు. "ఏటున్నాది?"

"అదే సెప్తన్నాను. ఏటీ నేదు."

"స్లాబే. మీ తమ్ముడి తాజ్‌మహలు."

"ఎటకారం ఆపు. ఇటు ఇను. ఆసుపత్రి పైనా తెల్లగే ఉంటాది, ఇక్కడా తెల్లగే ఉన్నాది. కునుకు పట్టి మెలకువొస్తే ఎక్కడున్నానో తెలవడం నేదు. ఇంట్లో ఉన్నానో, ఆ మిషను కాడ ఉన్నానో. గుండె దడదడలాడిపోతాది. నువ్వు దగ్గితే అప్పుడు తెలుస్తాది, ఓహో ఇల్లేనని."

సోములు ఇంకోసారి తలెత్తి స్లాబుని చూశాడు.

"మా అమ్మగారింట్లో తాటి దూలాలుండేవి. సిన్నప్పుడు అమ్మోరు పోసి పడుకున్నాను సూడు, ఆటినే సూసుకుంటా తొంగున్నాను. ఒక దూలమ్మీద కన్నెట్టీసి ఉంటే పొద్దు గడిసిపోయేది. కన్ను నిలబడ్డానికి సోటుండాల గదా మావా. ఇక్కడ జారిపోతాది."

ఆమె ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అతన్ని ఏదీ అడిగిన మనిషి కాదు. అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు. ఇప్పుడు అడిగింది. సోములు చాలాసేపు ఆ తెల్లటి స్లాబు కింద నిలబడి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు అడుగులు వేసి చూశాడు.

"ఎడతాను," అన్నాడు. "నీకు దూలాలే కదా. ఎడతాను."

సాయంత్రం భాస్కర్ వచ్చి విషయం విని నెత్తి కొట్టుకున్నాడు.

"స్లాబుకి దూలాలేటి బావా? టోపీ ఎట్టుకున్నోడికి తలపాగా సుట్టినట్టు."

"నీ స్లాబు కూలిపోతాదని కాదురా. మీ అప్ప సూసుకోడానికి."

"సూసుకోడానికైతే ఇజీనారంలో మావోడున్నాడు. ప్లైవుడ్డు పెట్టెలు సేసి, పైన కర్రసారల కాయితం అంటించీసి, ఒక్క పూటలో బిగించీసి ఎల్లిపోతాడు. పెద్ద ఓటలుకి సేసినాడు. ముట్టుకుంటే గాని కర్ర కాదని ఎవుడికీ తెలవదు."

"ముట్టుకుంటే తెలిసిపోతాది గదా మరి."

"అప్ప లెగిసి ముట్టుకుంటాదేటి?"

అనేసి భాస్కర్ నాలిక కరుచుకున్నాడు. మంచం మీంచి కూర్మమ్మ నవ్వింది. "నిజవే గదరా. ఆడి మీదికి ఎగబడకు మావా," అంది. సోములు మాత్రం స్లాబు మీంచి చూపు దించలేదు.

"ఒరే, కాయితం దూలాలు కాయితం మొగుడు ఎడతాడు. దానికి నానున్నాను."

*

భాస్కర్ పొలం గట్టు మీద ముదురు తాడిచెట్టు ఒకటుంది. సోములు గొడ్డలి తిరగేసి దాని ఒంటి మీద అక్కడా ఇక్కడా తట్టి, చెవి పెట్టి విన్నాడు. గెడ్డం మాసిన ఆ మొహంలో అప్పుడు కాస్త వెలుగు కనిపించిందని భాస్కర్ తరవాత అక్కతో చెప్పాడు. చెట్టు పడింది. మొదటి తుండాన్ని ఇనప మేకులు దిగ్గొట్టి నిలువునా చీలిస్తే రెండు బద్దలొచ్చాయి. పై తుండంలోంచి మూడోది తీశాడు. తాడిచెట్టుకి బలమంతా పైనున్న నల్లటి చేవలో ఉంటుంది, లోపలంతా మెత్తన. ఆ మెత్తనంతా బాడిసతో తోడేసి, ఒక్కో బద్దనీ నీళ్ళు తోడే దోనెలా చేశాడు. స్లాబుకి ముందు సన్నటి కర్రపట్టీలు బోల్టులతో బిగించి, ఈ దోనెని బోర్లించకుండా కిందినుంచి ఆ పట్టీకి తొడిగేస్తే, లోపలి డొల్ల స్లాబు వైపుకి దాక్కుంటుంది. కింద పడుకున్నవాళ్ళకి గుండ్రటి నిండు దూలమే కనపడుతుంది. బరువూ తక్కువ. ఇలా ఎవరూ అతనికి నేర్పలేదు. తెప్ప అడుగు చెక్కినవాడికి అది దానంతటదే తోచింది.

ఒక చెక్క తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు.

"నున్నగా సిత్రిక పట్టీమంటావా?"

ఆమె వేళ్ళతో తడిమింది. వేళ్ళు పొంగి ఉన్నాయి. "ఒద్దు. మా నాయన ఏసినవి గరుగ్గా ఉండేవి. బాడిస దెబ్బలు అగుపించేవి. అలగే ఉండనీ."

"దెబ్బలు అగుపిస్తే పనోడికి నామర్దాయే."

"నాకోసం నామర్దా పడు ఒకపాలి."

ఆ మధ్యాహ్నం మంచం ఎక్కడుందో చూసుకుని స్లాబు మీద బొగ్గుతో గీతలు గీశాడు. పడుకున్న మనిషి మీదుగా దూలం పోకూడదు, అది ఎవరింట్లోనైనా పట్టింపే. అందరూ ఇల్లు కట్టుకున్నాక దూలం తప్పించి మంచం వేసుకుంటారు. సోములు మంచాన్ని తప్పించి దూలం వేస్తున్నాడు. స్టూలెక్కి అతను చెయ్యి చాపుతుంటే కిందనుంచి ఆమె పురమాయించింది.

"ఇటు కాసింత. ఇంకాసింత. అద్గదీ. ఆ రెండోది దూరం ఎల్లిపోనాది, దగ్గిరికి లాగు."

"నీకేటి, తొంగోని ఆర్డర్లేస్తన్నావు. నా మెడ పడిపోతన్నాది."

"మొదలు పడమటేపు, కొస తూరుపేపు రావాల మావా, మరిసిపోకు."

"ఓలమ్మో, ఇది నాకు సెప్తన్నాదీ!"

ఆ ఇంట్లో అంత మాటా నవ్వూ చాలా ఏళ్ళుగా లేదు. గీతలు గీయడం అయిపోయాక కూడా స్టూలు మీంచి దిగడానికి అతనికి మనసు రాలేదు.

*

పక్కింటి స్వర్ణ టెక్కలి ఆసుపత్రిలో, కూర్మమ్మ వెళ్ళే ఆ మిషన్ల వార్డులోనే ఆయా. ఆదివారం చర్చికి పోతూ పోతూ కూర్మమ్మ కాళ్ళు నొక్కి చూసి, నీళ్ళెంత తాగిందో అడిగి పోతుంది. ఆ ఆదివారం గుమ్మం బయట సోములు మూడు బద్దల్నీ తాళ్ళతో కట్టడం చూసి ఆగింది.

"అన్నయ్యా, ఇయాళ బిగిస్తన్నావేటి?"

"ఇయాళేటి? ఉప్పుటేటి బురదలో పాతీడానికి తీసుకెల్తన్నాను. రెండు అమాసలు ఎల్లాల. ఉప్పు పీల్సుకోవాల. అప్పుడు నీడని ఆరబెట్టి ఎక్కిస్తాను."

స్వర్ణ చేతిలో బైబిలు అటు నుంచి ఇటు మార్చుకుంది. "ఇప్పుడే ఎక్కించీరాదా? పచ్చిదో నానిందో ఒదినకి తెలుస్తాదేటి?"

"పచ్చి తాడికి పురుగు పడతాది. సమచ్చరం తిరిగేసరికి పొట్టు రాల్తాది. అదంతా దాని మొకం మీదే రాల్తాది."

"సమచ్చరం," అంది స్వర్ణ. గుమ్మంలోంచి మంచం కేసి చూసింది.

సోములుకి అర్థమైంది. అర్థమైంది కాబట్టే మండిపడ్డాడు. "ఏటే, నీకు దేవుడేటైనా కాయితం రాసిచ్చినాడేటి? ఎవులెన్నాళ్ళుంటారో మీ పెబువు సెప్పినాడా?"

"మా పెబువూ వడ్రంగోడే అన్నయ్యా. కర్ర సంగతి ఆయనకీ తెలుసు, మనిసి సంగతీ తెలుసు." ఆమెకు కోపం రాలేదు. వార్డులో ఇలాంటి మాటలు రోజూ పడే మనిషి. "నాను సెప్పీది సెప్పినాను. బేగి ఎట్టీ."

అతను పెట్టలేదు. తలకాయ మీద వేసే కర్ర ముందు ఉప్పునీళ్ళు తాగాలని తండ్రి చెప్పాడు. తండ్రి చెయ్యనిచ్చిన పని ఏదీ పురుగు పట్టి పోలేదు. ముప్పై నలభై ఏళ్ళు నిలవని పనిని అతని చేతులు ఎన్నడూ ఎరగవు. ఇక రెండో సంగతి. ఆ దూలాలు బురదలో నానుతున్నంత కాలం కూర్మమ్మకు ఏమీ కాదని లోపలెక్కడో గట్టిగా నమ్మాడు. దాన్ని నమ్మకమని పైకి ఒప్పుకునే మనిషి కాదు. పని మర్యాద అన్నాడు. చేవ అన్నాడు. భాస్కర్ రెండుసార్లు అడిగితే, "నువ్వు సిమెంటు కలుపుకోరా, కర్ర సంగతి నీకెందుకు," అన్నాడు.

ఉప్పుటేటి ఒడ్డున, పోటు వచ్చినప్పుడు మునిగి పాటుకి తేలే చోట, నడుములోతు బురదలో మూడింటినీ పాతి గుర్తుకి సరుగుడు కర్ర గుచ్చాడు. పాటు వచ్చినప్పుడల్లా వెళ్ళి చూసొచ్చేవాడు. బురదలో చెయ్యి పెట్టి గోటితో గీరి, ఆ గోరు తెచ్చి ఆమెకు చూపించేవాడు.

"సూడు, నలుపు తిరిగినాది."

"నన్ను కన్నా దాన్నే ఎక్కువ సూసొస్తన్నావు. ఏటి, మొదటి పెళ్ళావేటి అది?"

"ఆవిడైతే నీలాగ పొద్దస్తమానం వాగదు."

ఆమె వెల్లకిలా పడుకుని బొగ్గుగీతల కేసి చూసేది. ఇంకా రాని దూలాలని అక్కడ ఊహించుకునేది కాబోలు. మెలకువ వస్తే ఆ గీతలు వెతుక్కునేది. ఒక్కోసారి దొరికేవి. ఒక్కోసారి భయపడి కేకేసేది, సోములు పరిగెత్తుకొచ్చి "ఇల్లే, ఇల్లే" అనేవాడు.

మొదటి అమావాస్య వెళ్ళింది.

*

రెండో అమావాస్యకి ఇంకా వారం పైన ఉండగా ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలోనే కూర్మమ్మకు ఊపిరి అందలేదు. మిషనుకి కలిపే చేతి నరం మూసుకుపోయింది. గొంతు పక్కన మెడలో గొట్టం వేసి కట్టు కట్టారు. గుండెల చుట్టూ నీరు చేరిందన్నారు. ఇంటికి పంపారు గాని, వచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాదు. మంచం మీద నడుం వాల్చబోయేసరికి, ఎవరో నీళ్ళలో ముంచేస్తున్నట్టు రెండు చేతులతో గాలిని గీరింది. లేపి కూర్చోబెట్టారు. అప్పుడు ఊపిరి వచ్చింది.

ఇక అంతే. ఆ రోజునుంచి ఆమె పడుకోలేదు. మంచం అంచున కూర్చుని, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ మీద దిళ్ళు పేర్చుకుని, వాటిమీద చేతులూ నుదురూ ఆనించి వంగి ఉండేది. తినడం అలాగే, కునుకు అలాగే. మెడలో గొట్టం వల్ల తల ఎత్తడానికి లేదు. చూపుకి ఆనేదల్లా తన ఒళ్ళో గుడ్డ, కింద గచ్చు.

"ఇంక తొంగోడం అవ్వదా?" అని సోములు స్వర్ణని గుమ్మం బయట అడిగాడు. గొంతులో పెద్దరికం లేదు.

"నీరు తగ్గితే సూద్దాం అంటన్నారు అన్నయ్యా."

"తగ్గుతాదా?"

స్వర్ణ అతని కేసి చూసి, చెంగుతో ముక్కు తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పాటుకి ఎదురుచూడకుండానే సోములు ఉప్పుటేట్లో దిగాడు. మొలలోతు నీళ్ళలో మునిగి, కళ్ళు మూసుకుని, బురదలోంచి తాళ్ళు వెతికి పట్టుకున్నాడు. భాస్కర్ ఒడ్డున నిలబడి "బావా, గెడువు కానేదు గదా" అనబోయి, బావ మొహం చూసి, లుంగీ ఎగ్గట్టి తనూ దిగాడు. ఇద్దరూ కలిసి లాగారు. నాని నాని ఒక్కో బద్దా శవంలా బరువెక్కింది. ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. నీడని ఆరబెట్టడం లేదు, ఏమీ లేదు. నీళ్ళు కారుతుండగానే పని మొదలైంది.

కూర్మమ్మను కుర్చీలోకి మార్చి, కుర్చీతో సహా ఎత్తి స్వర్ణ వాళ్ళ వరండాలో కూర్చోబెట్టారు. భాస్కర్ డ్రిల్లు తెచ్చి బొగ్గుగీతల మీద పెట్టాడు. దుమ్ము కళ్ళల్లో పడింది.

"సొంత స్లాబుకి సొంత సేతుల్తో సిల్లులు ఎడతన్నాను బావా. నా గుండెకి ఎడతన్నట్టున్నాది."

"ఎట్రా, ఎట్టు. సువ్వ తగిలితే పక్కకి జరుపు."

పట్టీలు బిగిశాయి. ముందు వీధిలోంచి వలలాగేవాళ్ళు నలుగురు వచ్చారు. తెప్పని నీళ్ళలోకి తోసేటప్పుడు అనే అదిలింపులతో దూలాన్ని భుజాలకెత్తి, తాళ్ళతో లాగి, పైకి తొడిగారు. సోములు రెండు పక్కలా మరలు దింపాడు. ఒక్కోదానికి మొదలు పడమటికీ కొస తూర్పుకీ వచ్చిందో లేదో దిగి చూసి, మళ్ళీ ఎక్కాడు. పొద్దు తిరిగేసరికి మూడూ స్లాబుని అంటిపెట్టుకుని ఉన్నాయి. నల్లగా, తడిగా, బాడిస దెబ్బలతో గరుగ్గా. గదంతా ఉప్పుటేటి వాసన. భాస్కర్ నడుం మీద చేతులేసుకుని తలెత్తి చాలాసేపు చూశాడు.

"బావా, తప్పైపోనాది. ఆ ప్లైవుడ్డు మాట ఎత్తకూడదు నాను."

సోములు గచ్చు తుడిచాడు. మంచం సరిగ్గా రెండు దూలాల నడుమకి జరిపాడు. ఉతికిన దుప్పటి వేశాడు.

"తీసుకురండి," అన్నాడు.

*

కూర్మమ్మను మంచం మీద కూర్చోబెట్టగానే వాసన పీల్చింది. "ఎట్టీసినావేటి?" అంది, ఒళ్ళోకి చూస్తూనే.

"ఎట్టీసినాను."

"మూడూనా?"

"మూడూ."

"అయితే తొంగుంటాను."

"ఒద్దప్పా," అన్నాడు భాస్కర్.

"ఒక్క గడియ. సూసి లెగిసిపోతాను. పట్టుకోండి నన్ను."

స్వర్ణ వద్దనలేదు. వీపు కింద ఒక చెయ్యి, మెడ కింద ఒక చెయ్యి వేసి, సోములు ఒక పక్కా తను ఒక పక్కా మెల్లగా వాల్చారు. సగం దాకా వచ్చింది. అక్కడే ఆమె నోరు తెరుచుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి గాని అవి పైకి చూడటం లేదు, ఎటూ చూడటం లేదు. గాలి కోసం వెతుకుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. "ఎత్తు! అన్నయ్యా ఎత్తు!" అని స్వర్ణ అరిచింది. లేపారు. దిళ్ళ మీదికి వంచారు. వీపు రాస్తూ ఉంటే చాలాసేపటికి ఊపిరి ఒక దారికి వచ్చింది.

భాస్కర్ జేబులోంచి ఫోను తీసి, పైకెత్తి ఫొటో తీసి, ఆమె ఒళ్ళో పెట్టాడు. "అప్పా, ఇదుగో. ఇలగున్నాయి."

ఆమె కళ్ళు చికిలించి చూసింది. "ఇది ఫోన్లో ఉన్న ఇల్లురా. నా మీదున్నది కాదు."

స్వర్ణ ఇంటికి పోయి గోడకున్న అద్దం తెచ్చింది. ఒళ్ళో వెల్లకిలా పెట్టి అటూ ఇటూ వంచింది. కూర్మమ్మ అందులోకి చూసి, ఒక క్షణం చూసి, పక్కకి నెట్టేసింది. "నా మొకవే అగుపిస్తన్నాది. తీసీ."

భాస్కర్ బయటికి వెళ్ళిపోయాడు. బయట గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడని అందరికీ వినిపిస్తూనే ఉంది. స్వర్ణ అద్దం చంకన పెట్టుకుని అతని వెనకే వెళ్ళింది.

సోములు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ పూట దాకా దాచుకున్న మాట అప్పుడు నోట్లోంచి ఊడిపడింది.

"పచ్చివే ఎక్కించీవలిసింది. స్వర్ణ సెప్పినాది. నువ్వు తొంగోగలిగినప్పుడే ఎక్కించీవలిసింది. ముప్పయ్యేళ్ళు ఉండాలని బురదలో ఎట్టుకు కూసున్నానే, ఎదవని."

ఆమె కాదని అనలేదు. పోనీలే అనీ అనలేదు. దిండు మీద నుదురు అటు నుంచి ఇటు మార్చుకుంది.

"మావా. నువ్వు తొంగో."

"ఏటి?"

"నా సోట్లో తొంగో. సూసి సెప్పు. నాను ఇంటాను."

సోములు లేచాడు. ఆమె వెనక మంచం మీదికెక్కి, ఇన్నాళ్ళూ ఆమె పడుకున్న పల్లంలో వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు ముడిచి ఆమె నడుముకి ఆనిస్తే ఆమె వాటికి జారగిలబడింది. అతను పైకి చూశాడు. స్టూలెక్కి చూడ్డం వేరు, ఇలా పడుకుని చూడ్డం వేరు. తన చేతి పని తనకే కొత్తగా కనిపించింది.

"సెప్పు," అంది.

మాటలు అతనికి వచ్చే విద్య కాదు. తిట్లు వచ్చు, ఎత్తిపొడుపులు వచ్చు. గొంతు సవరించుకున్నాడు.

"గోడేపుది నల్లగున్నాది. ఇంకా తడే. మజ్జిలోంచి నీరు దిగి సార కట్టినాది."

"బాడిస దెబ్బలు?"

"ఉన్నాయి. మీ నాయనవి ఎలగుండేవో నాకు తెలవదు. నావి సేప పొలుసుల్లాగున్నాయి. ఒకదానిమీదొకటి."

"ఏ సేప?"

"...పండుగొప్ప."

ఆమె వీపు కదిలింది. నవ్విందని అతని మోకాళ్ళకి తెలిసింది. "మరి ఇటేపుది?"

"ఇది కాసింత ఒంకర. కొసకాడ తూరుపుకి ఎల్లకుండా ఇటు తిరిగినాది. బిగించినప్పుడు అగుపించనేదు."

"అబద్ధం."

"నిజవే. ఇక్కడ తొంగుంటేనే తెలుస్తన్నాది. ఎవుడికీ సెప్పకు."

"సెప్పను. మూడోది?"

మూడోది గుమ్మం వైపుంది. దాని చేవ మిగతా రెండింటికన్నా లేతది. దాంట్లో ఎర్రసార ఒకటి మొదలు నుంచి కొస దాకా పోతోందని చెప్పాడు. ఒకచోట బాడిస లోతుగా దిగి గుంట పడిందని, అందులో బురద ఇంకా అంటుకుని ఉందని చెప్పాడు. ఆ బురదలో చిన్న నత్తగుల్ల ఒకటి ఉంది. అది కూడా చెప్పాడు. చెప్పడానికి అయిపోతే, మరలు ఎక్కడెక్కడ దింపాడో చెప్పాడు. స్లాబుకీ దూలానికీ నడుమ సందు ఎంతుందో, సాయంత్రం వెలుగు కిటికీలోంచి వచ్చి ఏ దూలం మీద పడుతోందో, దాని నీడ ఎటు సాగుతోందో చెప్పాడు. అంత మాట అతను తన జన్మలో ఒక్క బిగిన ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

ఆమె ఊపిరి మెల్లగా, బరువుగా, ఒక లయలో పడింది. బరువంతా అతని మోకాళ్ళ మీద వాలింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదపలేదు.

బయట భాస్కర్ బండి స్టార్టు చేసిన చప్పుడుకి ఆమె ఒక్కసారి ఉలిక్కిపడింది. చేతులు దిళ్ళని గట్టిగా పట్టుకున్నాయి.

"ఎక్కడున్నాను? మావా? ఎక్కడున్నాను?"

"ఇంట్లో ఉన్నావు. ఇంట్లో."

"నిజవేనా?"

"గోడేపుది నల్లగున్నాది," అన్నాడు సోములు. "ఇంకా తడే. ఇను, సెప్తన్నాను. నీరు దిగి సార కట్టినాది..."